మోచేతి నొప్పికి ఇంటివద్దనే వ్యాయామము

నాగలి కర్రు అరిగినచో కమ్మరి కొలిమికి పంపుదుము. పంపుసెట్టు మోటారు కాలినచో మరునాడే బాగుచేయించుదుము. ఎద్దు కుంటినచో పశువైద్యుని పిలిపింతుము. కాని ఈ పనులన్నిటికి మూలమైన మన చేయి మోచేతివద్ద నొచ్చుచున్నను, "పనిచేసిన చేయి గదా, నొవ్వక ఏమగును?" అని నెలల తరబడి ఊరకుందుము. ఓపిక నశించిన పిమ్మట ఒక సూదిమందు వేయించుకొని, నొప్పి తగ్గగానే మరల అదే పనికి దిగుదుము. ఈ అలవాటు వలన రైతుకు, కూలికి కలుగు నష్టము ఏ పురుగు వలన కలుగు నష్టమునకును తీసిపోదు.

రామగుండము, కమాన్‌పూర్, మంథని ప్రాంతముల గ్రామములలో తిరుగునప్పుడు, ముఖ్యముగా పత్తి ఏరు దినములలో, ఈ మాట నేను తరచుగా వినుచున్నాను. "సారూ, చెంబెడు నీళ్ళు లేపుదమంటె చెయ్యి ఒప్పుకుంటలేదు. పనికి పోకుంటె ఇల్లు ఎట్ల గడుస్తది?" అని ఒక అక్క నన్నడిగినది. ఆ ప్రశ్నకు నా సంచిలోని ఏ కరపత్రములోను జవాబు లేదు. ఈ వ్యాసము ఆ జవాబు కొరకే వ్రాయుచున్నాను.

నేను వైద్యుడను కాను. వ్యవసాయ శాస్త్రము చదివినవాడను. కాని ఈ నొప్పి నాకును వచ్చినది. ప్రదర్శన క్షేత్రములో వరుసగా కొన్ని దినములు చేతిపంపు స్ప్రేయరు మోసి మందు కొట్టిన పిమ్మట, కుడి మోచేతి వెలుపల నొప్పి మొదలైనది. టీ గ్లాసు ఎత్తుటయు కష్టమైనది. ఒక చోట సూదిమందు వేయించుకొంటిని. నాలుగు దినములలో నొప్పి మాయమైనది. నేను సంతోషించి మరల స్ప్రేయరు భుజమున వేసికొంటిని. రెండు నెలలు తిరుగక ముందే నొప్పి మునుపటికన్న హెచ్చుగా వచ్చినది. అప్పుడు ఫిజియోథెరపీ వైద్యుడొకరు నాకు నేర్పిన వ్యాయామములనే, వాటి వెనుకనున్న కారణములతో సహా, ఇచట తెలుపుచున్నాను.

ఈ నొప్పి ఎట్టిది?

దీనిని వైద్యులు "టెన్నిస్ ఎల్బో" అని పిలుతురు. 1873లో రుంగె అను జర్మను వైద్యుడు, వ్రాతపని చేయువారిలో ఇట్టి నొప్పిని గుర్తించి వర్ణించెను. 1882లో ఇంగ్లండులో హెన్రీ మోరిస్ అను వైద్యుడు దీనిని టెన్నిస్ ఆటతో ముడిపెట్టి వ్రాసెను. నాటినుండి ఆ పేరు స్థిరపడినది. మన దేశములో ఈ పేరు ఇంటింట తెలిసినది 2004లో, సచిన్ టెండూల్కర్ మోచేయి నొచ్చి ఆటకు దూరమైనప్పుడు. 2005లో లండనులో ఆయన మోచేతికి శస్త్రచికిత్స జరిగినది. కాని పేరును చూచి మోసపోరాదు. ఈ నొప్పి గలవారిలో అత్యధికులు టెన్నిస్ బ్యాటును ఎన్నడును పట్టనివారే. పిడికిలి బిగించి, మణికట్టును మరల మరల త్రిప్పి పనిచేయు వారందరికి ఇది రావచ్చును. 35 ఏండ్లు మొదలు 55 ఏండ్ల వరకు గల స్త్రీ పురుషులలో ఎక్కువగా కనిపించును.

కారణము తెలిసికొనవలెనన్న ఒక చిన్న పరీక్ష చేయండి. కుడి అరచేతిని క్రిందికి త్రిప్పి ముంజేతిని బల్లపై ఉంచండి. ఎడమచేతి వ్రేళ్ళను కుడి మోచేతికి కొంచెము దిగువన, పైవైపున ఆనించండి. ఇప్పుడు కుడి మణికట్టును మాత్రము పైకెత్తండి. వ్రేళ్ళక్రింద కండ బిగియుట తెలియును. మణికట్టును వెనుకకు లాగు ఈ కండలు మోచేతి వెలుపలనున్న చిన్న ఎముక బుడిపెకు ఒకే తాడువంటి భాగముతో బిగించబడి యున్నవి. ఈ తాడునే స్నాయువు అందురు.

ఇప్పుడు పిడికిలి గట్టిగా బిగించి చూడండి. పైకండ మరల బిగియును. ముంజేతి లోపలి కండలు వ్రేళ్ళను ముడుచునప్పుడు మణికట్టు ముందుకు వంగిపోకుండ వెలుపలి కండలు వెనుకనుండి ఆపి పట్టును. బండికి రెండెద్దులు కలిసి లాగినట్లు, ప్రతి పట్టులోను ఈ రెండు ప్రక్కల కండలును పనిచేయును. కావున మీరు పార పట్టినను, కొడవలి పట్టినను, పాలు పిండినను, పిండి పిసికినను, తడిబట్ట పిండినను భారము ఆ చిన్న బుడిపెవద్దనే పడును.

స్నాయువునకు కండవలె సమృద్ధిగా రక్తము అందదు. రోజురోజుకు పడు భారమును అది రాత్రి విశ్రాంతిలో సరిచేసికొనుచుండును. సరిచేసికొనుటకన్న అరుగుట ఎక్కువైనప్పుడు దానిలోని పోగులు వరుస తప్పి, బలము తగ్గిపోవును. మోకు పురి వీడినట్లని అనుకొనవచ్చును. నొప్పిని అణచినంత మాత్రమున వీడిన పురి తిరిగి ఎక్కదు. అందులకు తగిన లాగు, తగినంత కాలము, రెండును కావలెను. వ్యాయామము పనిచేయునది ఇట్లే.

గుర్తించుట ఎట్లు?

1. మోచేతి వెలుపలి బుడిపెపైగాని, దానికి ఒక వ్రేలి వెడల్పు దిగువనగాని నొక్కినచో నొప్పి కలుగును.

2. చేయి చాచి, అరచేయి క్రిందికి ఉంచి నీళ్ళ చెంబునుగాని, కుర్చీనిగాని ఎత్తినచో నొప్పి హెచ్చును. అరచేతిని పైకి త్రిప్పి ఎత్తినచో చాలవరకు తగ్గును.

3. చేయి చాచి పిడికిలి బిగించి, మణికట్టును పైకెత్తుచుండగా రెండవ చేతితో దానిని క్రిందికి నొక్కినచో బుడిపెవద్ద నొప్పి పుట్టును.

ఈ మూడింటిలో రెండు కనిపించినచో ఇది టెన్నిస్ ఎల్బో కావచ్చునని తలంచవలెను.

కాని మోచేతి లోపలివైపు నొప్పి యున్నను, చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు తిమ్మిరెక్కుచున్నను, మెడనుండి చేతి పొడవున నొప్పి జారుచున్నను, అది వేరు వ్యాధి కావచ్చును. క్రిందపడి దెబ్బ తగిలినను, కీలు వాచి ఎర్రబడినను, జ్వరము వచ్చినను, మోచేయి పూర్తిగా చాపుటకు రాకున్నను వ్యాయామము మొదలు పెట్టకూడదు. ముందుగా వైద్యునికి చూపవలెను.

మన ప్రాంతములో ఎవరికి వచ్చుచున్నది?

ఈ ప్రాంతమునకు ఒక ప్రత్యేకత కలదు. ఇచట అనేక కుటుంబములకు ఒక కాలు పొలములో, ఒక కాలు బొగ్గుబాయిలో. 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు కనుగొనిన పిమ్మట మొదలైన తవ్వకములు క్రమముగా గోదావరి తీరమున విస్తరించినవి. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ గనులలో చిరకాలము తట్ట, చెమ్మసులతోనే ఫిల్లర్లు బొగ్గును టబ్బులకు ఎత్తిరి. చెమ్మసుతో బొగ్గు లేపి తట్ట నింపుట, తట్ట లేపి టబ్బులో పోయుట, మరల వంగుట, ఇదే వారి షిఫ్టు. తరువాత యంత్రములు వచ్చి ఆ పనిలో చాల భాగమును తీసికొన్నవి. ఐనను కప్పుకు ఆధారములు బిగించుట, డ్రిల్లు పట్టుట, సుత్తి కొట్టుట వంటి పనులలో నేటికిని పట్టు బిగువే ప్రధానము.

షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన కార్మికుడు సాయంత్రము చెల్కలో పార పట్టును; పాడి గేదె యున్నచో పాలు పిండును. బాయిపని వేరు, పొలము పని వేరు అని మనము లెక్క వేయుదుము. మోచేతికి ఆ భేదము తెలియదు. రెండు పనుల భారమును అది ఒకే ఖాతాలో వ్రాసికొనును. రాత్రి విశ్రాంతి మాత్రము ఒకటియే.

ఆడవారి సంగతి మరియు కష్టము. ఉదయమునుండి పత్తి ఏరి, సాయంత్రము బట్టలు పిండి, పిండి పిసికి, పాలు పిండు చేతికి విరామము ఎక్కడిది? మగవాని మోచేయి నొచ్చినచో ఇంటిల్లిపాదికి తెలియును. ఆడవారి నొప్పి పొయ్యి దగ్గరనే ఆగిపోవును. ఈ వ్యాసమును చదువు సోదరులు తమ ఇంటిలోని ఆడవారికి పైన చెప్పిన చెంబు పరీక్షను చేయించి చూడవలెనని కోరుచున్నాను.

సూదిమందు, పూర్తి విశ్రాంతి, వ్యాయామము: ఏది మేలు?

మన పరిశోధనా క్షేత్రములలో ఒకే నేలను మళ్ళుగా విడదీసి, ఒక మడికి ఒక ఎరువు, మరియొక మడికి మరియొక ఎరువు వేసి, ఏమియు వేయని మడితో పోల్చి చూతుము. వైద్యులును ఇట్లే చేసిరి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 198 మంది రోగులను మూడు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష ఫలితములు 2006లో వెలువడినవి. ఒక జట్టుకు స్టీరాయిడ్ సూదిమందు ఇచ్చిరి. రెండవ జట్టుకు వ్యాయామముతో కూడిన ఫిజియోథెరపీ చేయించిరి. మూడవ జట్టుకు జాగ్రత్తలు మాత్రము చెప్పి వేచియుండుమనిరి.

ఆరు వారములకు చూడగా సూదిమందు జట్టు అందరికన్న ముందున్నది. సంవత్సరము గడచిన పిమ్మట చూడగా అదే జట్టు అందరికన్న వెనుకబడినది. సూదిమందు వేసికొన్నవారిలో నూటికి 72 మందికి నొప్పి తిరుగబెట్టినది. పంటకు యూరియా మాత్రమే వేసినచో పైరు నాలుగు దినములలో పచ్చబడి, గాలికి పడిపోవుట మీరెరుగుదురు. ఇదియు అట్టిదే. సూదిమందు ఎప్పుడు అవసరమో నిర్ణయించుట వైద్యుని పని. కాని నొప్పి వచ్చినప్పుడెల్ల మీరై అడిగి వేయించుకొనుట తగదు.

మిగిలిన రెండు జట్ల సంగతి జాగ్రత్తగా గమనించండి. సంవత్సరాంతమునకు వ్యాయామము చేసినవారును, వేచియున్నవారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. ఈ నొప్పి గలవారిలో పదింట ఎనిమిది, తొమ్మిది మందికి సంవత్సరములోగా దానంతట అది తగ్గును. "ఐనచో వ్యాయామమెందుకు?" అని మీరడుగవచ్చును. జవాబు ఆ పరీక్షలోనే యున్నది. ఆరు వారముల నాటికే వ్యాయామపు జట్టు వేచియున్న జట్టుకన్న మెరుగుగా నుండినది. నెలజీతము గలవాడు సంవత్సరము వేచియుండవచ్చును. మనకు సంవత్సరమనగా ఒక వానాకాలము, ఒక యాసంగి, రెండు పంటలు. ఆ రెండు పంటల కూలిని, రాబడిని కాపాడుకొనుటకే ఈ వ్యాయామము.

చేతిని మెడలో కట్టుకొని పూర్తిగా కదలించకుండుటయు మేలు కాదు. కదలిక లేని కండ క్షీణించును. బీడుపెట్టిన భూమిని తిరిగి దున్నుట ఎంత కష్టమో, అట్టి చేతిని తిరిగి పనికి తెచ్చుట అంత కష్టము.

మోతాదు ముఖ్యము

పురుగుమందు మోతాదు తగ్గినచో పురుగు చావదు. హెచ్చినచో ఆకు మాడును. వ్యాయామము అంతే. బరువు తక్కువైనచో స్నాయువు బలపడదు. ఎక్కువైనచో మరింత తెగును. అందుచేత బరువును మందువలెనే కొలిచి వాడవలెను. ఇందులకు తూకపు రాళ్ళు కొననక్కరలేదు. లీటరు నీటి బరువు ఒక కిలో. లీటరు సీసాలో పావు లీటరు నీరు పోసినచో పావుకిలో, అర లీటరు పోసినచో అరకిలో. ఒక సీసా, ఒక తువ్వాల, ఒక సుత్తి, ఇంతే సామగ్రి.

నొప్పిని కొలుచుటకు కూడ ఒక కొలత కావలెను. భరింపరాని నొప్పిని రూపాయి అనుకొనండి. వ్యాయామము చేయునప్పుడు చారాణా పాటి నొప్పి కలిగినను భయపడనక్కరలేదు; అది పని జరుగుచున్నదనుటకు గుర్తు. ఆఠాణాకు చేరినచో వెంటనే ఆపివేయవలెను.

మరునాటి ఉదయము సాక్ష్యము చెప్పును. లేవగానే చెంబు ఎత్తి చూడండి. నిన్నటి ఉదయమంతే నొప్పి, లేక తక్కువ యున్నచో మోతాదు సరిపోయినది. హెచ్చినచో ఆ దినము వ్యాయామమును మానవలెను. మరునాడు సీసాలోని నీటిని సగము చేయవలెను.

వ్యాయామములు

1. సాగదీయుట: నొప్పియున్న చేతిని ఎదురుగా చాపి, మోచేయి వంచకుండ, అరచేతిని క్రిందికి త్రిప్పవలెను. రెండవ చేతితో దాని వ్రేళ్ళను పట్టి, మణికట్టును మెల్లగా క్రిందికి, తనవైపునకు వంచవలెను. ముంజేతి పైభాగమున లాగు తెలిసిన చోట ఆపి 30 సెకండ్లు ఉంచవలెను. ఇట్లు 3 సార్లు. కుదుపరాదు.

2. కదలకుండ బిగించుట: ముంజేతిని బల్లపైగాని, మంచము పట్టెపైగాని ఆనించి, అరచేతిని క్రిందికి ఉంచవలెను. రెండవ చేతిని దాని వీపుపై ఉంచి నొక్కవలెను. క్రిందిచేయి పైకి లేవ యత్నించుచుండగా, పైచేయి లేవనీయకుండ అదిమి పట్టవలెను. బయటికి కదలిక ఏమియు కనిపించదు; కండ మాత్రము బిగియును. 30 సెకండ్లు పట్టి, ఒక నిమిషము విశ్రమించి, ఇట్లు 5 సార్లు చేయవలెను. నొప్పి తీవ్రముగా నున్న మొదటి దినములలో ఇది మిక్కిలి అనుకూలము.

3. మెల్లగా దించుట: వ్యాయామములన్నిటిలో ముఖ్యమైనది ఇదియే. ముంజేతిని బల్లపై ఆనించి, మణికట్టు బల్ల అంచు దాటి యుండునట్లు కూర్చుండవలెను. అరచేయి క్రిందికి ఉంచి నీళ్ళసీసాను పట్టుకొనవలెను. రెండవ చేతి సహాయముతో మణికట్టును పైకి లేపవలెను. తరువాత సహాయము తీసివేసి, మనసులో ఒకటి మొదలు ఐదు వరకు లెక్కించుచు, మెల్లగా క్రిందికి దించవలెను. దించిన పిమ్మట మరల రెండవ చేతితోనే లేపవలెను. ఇట్లు 15 సార్లు చేసి ఒక నిమిషము ఆగవలెను. మొత్తము 3 విడతలు.

ఎత్తుటకన్న దించుటలో ఇంత మేలెందుకు అని సందేహము కలుగవచ్చును. బావిలోనికి బరువును మెల్లగా వదలునప్పుడు మోకు ఎంత బిగువుగా నుండునో తలచుకొనండి. బరువును అదుపులో దించునప్పుడు కండ సాగుచునే పనిచేయును. స్నాయువునకు చక్కని లాగు కలుగును. సీసాను జారవిడిచినచో ఫలితముండదు.

4. తువ్వాల పురి: తువ్వాలను గట్టి చుట్టగా చుట్టి రెండు చేతులతో ఎదురుగా పట్టవలెను. నొప్పి చేతి మణికట్టును వెనుకకు వంచి ఉంచి, మంచి చేతితో తువ్వాలను మెలిపెట్టవలెను. తరువాత నొప్పి చేతి మణికట్టును మాత్రమే మెల్లగా ముందుకు వదలుచు పురి విప్పవలెను. 10 నుండి 15 సార్లు. దీనినే పట్టణములలో రబ్బరు కడ్డీతో చేయింతురు.

5. సుత్తి త్రిప్పుట: మోచేతిని ప్రక్కకు ఆనించి 90 డిగ్రీలు వంచి, చిన్న సుత్తిని నిలువుగా పట్టవలెను. అరచేయి పైకి వచ్చునట్లు మెల్లగా ఒకవైపునకు, మరల క్రిందికి వచ్చునట్లు మరియొకవైపునకు త్రిప్పవలెను. పిడిని తలకు దగ్గరగా పట్టినచో బరువు తక్కువ తోచును. కొనవద్ద పట్టినచో ఎక్కువ తోచును. దగ్గర పట్టుతో మొదలుపెట్టి, వారము వారము కొంచెము కొంచెముగా కొనవైపు జరుగవలెను. 10 సార్లు చొప్పున 2 విడతలు.

కాలక్రమము

మొదటి రెండు వారములు: 1, 2 వ్యాయామములు ఉదయము, సాయంత్రము.

మూడవ వారము మొదలు ఆరవ వారము వరకు: 1వ దానిని కొనసాగించుచు, 3, 4 వ్యాయామములు రోజుకొకసారి. సీసాలో పావు లీటరు నీటితో మొదలుపెట్టవలెను. మూడు విడతలును వారము దినములు చారాణా దాటకుండ చేయగలిగినప్పుడే మరియొక పావు లీటరు కలుపవలెను.

ఏడవ వారము మొదలు పన్నెండవ వారము వరకు: 5వ వ్యాయామమును చేర్చవలెను. సీసాలో నీరు క్రమముగా లీటరు వరకు పోవచ్చును.

నొప్పి పోయిన పిమ్మట వారమునకు రెండు, మూడు దినములు, పత్తి ఏరుట, వరికోత వంటి పనుల కాలము గడచువరకు కొనసాగించవలెను. చాలమంది పొరపడునది ఇచటనే. నొప్పి పోగానే మానివేయుట కలుపు తలలు మాత్రము కోసి వేళ్ళను వదలుట వంటిది.

పైరు నాటిన వారమే కోతకు రాదు. మొదటి రెండు మూడు వారములలో మార్పు కనిపించకున్నను నిరాశ చెందరాదు. ఒక పెసర పంట పండునంత కాలమైనను ఓపిక పట్టవలెను.

పనిముట్లలో మార్పులు

ఒక చేతితో వ్యాయామము చేయుచు, అదే చేతితో పాత పద్ధతిలోనే పనిచేసినచో ఫలితముండదు. గండి పూడ్చకుండ చెరువు నింపుట సాధ్యము కాదు గదా.

పిడి సన్నమైనకొలది పిడికిలి ఎక్కువ బిగించవలసి వచ్చును. పిడి పట్టినప్పుడు వ్రేళ్ళకొనలు అరచేతిలో గుచ్చుకొన్నచో ఆ పిడి మీకు సన్నమని తెలిసికొనవలెను. పాత సైకిలు ట్యూబు ముక్కను చుట్టి లావు చేయవచ్చును. దీని వలన పట్టు జారదు. అదురు కూడ తగ్గును.

కొడవలి, గొడ్డలి, పార పదునుగా నుండవలెను. మొద్దుబారిన కొడవలితో కోయువాడు కొడవలి చేయవలసిన పనిని మోచేతితో చేయుచున్నాడు.

చేతిపంపు స్ప్రేయరులో మీట బిగుసుకొనియున్నచో వాషరును చూచి, నూనె వేయవలెను. ప్రతి ట్యాంకుకు చేయి మార్చవలెను. వీలున్నచోట బ్యాటరీ స్ప్రేయరు అద్దెకైనను తెచ్చుకొనుట మేలు.

పాలు పిండునప్పుడు బొటనవ్రేలిని మడిచి పిండుట మాని, నిండు పిడికిలితో పిండవలెను. ఇది చనులకును మంచిదని పాడి నిపుణులు ఎప్పటినుండియో చెప్పుచున్నారు.

పత్తి ఏరునప్పుడు రెండు చేతులను వాడవలెను. గంటకొకసారి రెండు నిమిషములు ఆగి, 1వ వ్యాయామమును చేయవలెను. ఆ రెండు నిమిషముల వలన తగ్గు పత్తి పిడికెడు. చేయి నొచ్చి ఇంట కూర్చున్న దినమున పోవునది దినమంతటి కూలి.

బరువులెత్తునప్పుడు చేయి చాపి, అరచేయి క్రిందికి ఉంచి ఎత్తకూడదు. వస్తువునకు దగ్గరగా పోయి, మోచేయి వంచి, అరచేయి పైకి ఉంచి ఎత్తవలెను. బిందె, బకెట్టు, ఎరువుల బస్తా, అన్నిటికిని ఇదే నియమము.

మోచేతికి రెండు వ్రేళ్ళ వెడల్పు దిగువన కట్టు పట్టీని పనివేళలలో వాడవచ్చును. అది భారమును కొంత మళ్ళించును. నిద్రించునప్పుడు తీసివేయవలెను. వ్రేళ్ళు తిమ్మిరెక్కునంత బిగువుగా కట్టరాదు.

నొప్పి మాత్రలను మీరై కొని దినదినము మ్రింగుట ప్రమాదకరము. ఎండలో చెమటోడ్చి, నీరు తక్కువ త్రాగి, ఈ మాత్రలను వాడువారికి మూత్రపిండములు చెడు భయము కలదు. కడుపులో పుండ్లు కూడ ఏర్పడవచ్చును.

వైద్యునివద్దకు ఎప్పుడు?

పైన చెప్పిన క్రమములో పన్నెండు వారములు చేసినను తగ్గకున్నచో, పట్టు రోజురోజుకు బలహీనమగుచున్నచో, రాత్రివేళ నిద్ర పట్టనంత నొప్పి యున్నచో ఆసుపత్రికి పోవలెను. ఫిజియోథెరపీ విభాగమున్న ఆసుపత్రియైనచో మరియు మంచిది. గనికార్మికులు తమ ఏరియా ఆసుపత్రి వైద్యునితో తాము చేయు పనిని వివరముగా చెప్పవలెను. "మోచేయి నొచ్చుచున్నది" అనుటకన్న "ఎనిమిది గంటలు డ్రిల్లు పట్టుదును, సాయంత్రము పాలు పిండుదును" అనుట వైద్యునికి ఎక్కువ ఉపయోగకరము. శస్త్రచికిత్స అవసరమగువారు బహు కొద్దిమంది.

గ్రామాధికారులకు మనవి

రైతువేదికలో సమావేశము జరిగినప్పుడు ఎరువులు, విత్తనముల ముచ్చట ముగిసిన పిమ్మట పది నిమిషములు ఈ వ్యాయామములను చేయించి చూపవచ్చును. పత్తి ఏరు కాలమునకు ఒక నెల ముందుగా చేసినచో ప్రయోజనము హెచ్చు. ముఖ్యముగా మహిళా సంఘముల సభ్యులకు చూపవలెను. చదువరాని వారికి మాటకన్న చేసి చూపుటయే మేలు. పంచాయతి పనులకు పారలు, గడ్డపారలు కొనునప్పుడు ధరతోపాటు పిడి లావును కూడ చూడవలెను.

మరువరాని సంగతులు

బరువును నీటితో కొలవండి. నొప్పిని చారాణాలో ఉంచండి. మెల్లగా దించండి. మరునాటి ఉదయము చెంబెత్తి చూడండి. నొప్పి పోయినను మానకండి.

నన్ను ప్రశ్నించిన ఆ అక్కకు నేను మొదట ఇచ్చినది పావు లీటరు నీళ్ళు పోసిన ఒక ఖాళీ సీసా. ఆమె నవ్వి, "గీ సీసతోని ఏమైతది సారూ?" అన్నది. ఆ సీజనులో ఆమె కూలికి పోవుట తగ్గించుకొన్నది గాని పూర్తిగా మానవలసిన అవసరము రాలేదు. యాసంగి వరినాట్ల నాటికి ఆమె సీసాలో నీరు ముప్పావు లీటరు దాటినది. ఇప్పుడు ఆ సీసా వారి ఇంటి దర్వాజ గూటిలో, పొలము నుండి వచ్చిన కొడవలి ప్రక్కనే ఉండును. మీ ఇంటను ఒక సీసాను అట్లే కొడవలి ప్రక్కన ఉంచి, రెండింటిని సమానముగా వాడుకొందురని ఆశించుచున్నాను.